పక్షవాతం వచ్చి ఐదు నెలలైంది.. చెయ్యి ఇక రాదా?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. ఐదు నెలల క్రితం పక్షవాతంతో కుడి కాలు, చెయ్యి పడిపోయాయి. ఇప్పుడు బాగానే నడుస్తున్నారు. చెయ్యి మాత్రం సరిగా లేవదు, వేళ్లు ముడుచుకుపోతున్నాయి. అన్నీ ఎడమ చేత్తోనే కానిచ్చేస్తున్నారు. రోజూ స్పాంజి బంతి నొక్కిస్తున్నాం. మూడు నెలలు దాటితే చెయ్యి రాదంటున్నారు. నిజమేనా?
- ఒక పాఠకురాలు

సలహా: నిజం కాదమ్మా. మొదటి మూడు నెలల్లో మెరుగుదల వేగంగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది, అంతే. పక్షవాతం వచ్చి 3 నుంచి 9 నెలలైన 222 మందిపై అమెరికాలో చేసిన అధ్యయనం ఫలితాలు 2006లో వచ్చాయి. అందులో కొందరికి బాగున్న చేతికి తొడుగు వేసి, రెండు వారాలపాటు పనులన్నీ బలహీనపడిన చేత్తోనే చేయించారు. మామూలు వైద్యం తీసుకున్నవారి కంటే వీళ్ల చెయ్యి బాగా మెరుగుపడింది, ఏడాది తర్వాత కూడా ఆ తేడా నిలిచింది.

ముందు ఆ బంతి పక్కన పెట్టండి. దాదాపు ప్రతి ఇంట్లోనూ ఇదే చేయిస్తుంటారు! మీ నాన్నగారికి పిడికిలి బిగించడం కష్టం కాదు, విప్పడమే కష్టం. కాబట్టి గ్లాసు పట్టుకుని వదలడం, టవల్‌ను బల్ల మీద ముందుకు తోసి పరచడం, సీసా మూత తిప్పడం లాంటివి చేయించండి. పదిసార్లు చేసి ఆపితే చాలదు. మధ్యమధ్య విశ్రాంతినిస్తూ, రోజు మొత్తంలో వందలసార్లు చేయాలి. థెరపిస్టు దగ్గర గడిపే కాసేపట్లో అన్నిసార్లు కుదరదు, మిగతాది ఇంట్లోనే జరగాలి.

ముంజేతిని బల్ల మీద ఆనించి, అరచెయ్యి బల్ల అంచు నుంచి కిందికి వేలాడేలా పెట్టండి. మణికట్టు, వేళ్లు ఓ 10 డిగ్రీలైనా పైకి లేస్తున్నాయా? లేస్తే తొడుగు పద్ధతి గురించి ఆక్యుపేషనల్ థెరపిస్టును (రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా సాధన చేయించే నిపుణులు) అడగండి. సొంతంగా మాత్రం మొదలుపెట్టొద్దు. నడుస్తున్నప్పుడు తూలితే పట్టుకోవడానికి ఆ మంచి చెయ్యే ఆధారం.

అసలు కదలికే లేకపోతే అద్దం చికిత్స ఉంది. రెండు చేతుల మధ్య నిలువుగా అద్దం పెట్టి, అందులో మంచి చేతి ప్రతిబింబం చూస్తూ రెండింటినీ కదపడానికి ప్రయత్నించాలి. పడిపోయిన చెయ్యే కదులుతున్నట్టు కనిపిస్తుంది. వినడానికి గారడీలా ఉంటుంది గానీ, కొందరికి పనిచేస్తుంది. కండరాలకు సన్నని కరెంటు ఇచ్చి కదిలించే పద్ధతి కూడా ఉంది.

వేళ్లు మరీ బిగుసుకుపోతే బొటాక్స్ ఇంజెక్షన్ ఇస్తారు. దాని ప్రభావం సుమారు మూడు నెలలు. ఇంజెక్షన్ బిగువునే తగ్గిస్తుంది, పని నేర్పదు. ఆ మూడు నెలల్లో గట్టిగా సాధన చేయకపోతే ఖర్చు వృథా.

చొక్కా గుండీలు మీరు పెట్టేస్తున్నారా? ఆలస్యమైనా ఆయన్నే పెట్టుకోనివ్వండి. పూర్వంలా రాయగలరా అంటే ఇప్పుడే చెప్పలేను. ఇప్పుడున్న కదలికే చాలావరకు నిర్ణయిస్తుంది. ఇంకోటి, కుర్చీలోంచి లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టి లాగకండి, భుజం కీలు జారుతుంది. భుజం నొప్పి మొదలైతే వ్యాయామాలు ఆపి డాక్టరుకు చూపించండి.