మా అమ్మాయి మసాజ్ పని నేర్చుకుంటానంటోంది, ఏం చేయమంటారు?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. అమ్మాయి బైపీసీ చదివి రెండుసార్లు నీట్ రాసింది, సీటు రాలేదు. ఫిజియోథెరపీ డిగ్రీ అయిన బీపీటీలో మేనేజ్‌మెంట్ సీటు మాట్లాడాం. తనేమో విశాఖలో ఒక ఆయుర్వేద ఆసుపత్రిలో సీనియర్ పంచకర్మ థెరపిస్టు దగ్గర ఏడాదిన్నర ఉండి పని నేర్చుకుంటానంటోంది. నెలకు కొంత స్టైపెండ్ ఇస్తారట. వాళ్ల నాన్న ఒప్పుకోవడం లేదు. నలుగురికీ ఏమని చెప్పుకోవాలి? మసాజే నేర్చుకోవాలంటే నెల రోజుల ఇంటర్నేషనల్ స్పా డిప్లొమా ఉంది, దుబాయ్‌లో ఉద్యోగం కూడా చూపిస్తారు అని మా బంధువొకాయన చెప్పాడు. దేనికి భవిష్యత్తు ఉందో పోల్చి చెప్పండి.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. జీతం ఎంత వస్తుందని మీరు ఎక్కడా అడగలేదు. ముందుగా అడిగింది నలుగురికీ ఏమని చెప్పుకోవాలనే. కాబట్టి ముందు దాని గురించే మాట్లాడుకుందాం, పోలిక తర్వాత చూద్దాం.

మీ భయానికి కారణం నాకు తెలుసు. స్పా ముసుగులో అంటూ నెలకోసారైనా పేపర్లో వార్త వస్తుంది, టీవీలో ముఖాలకు చున్నీలు కప్పుకున్న ఆడపిల్లలను చూపిస్తారు. అది చూశాక ఏ తల్లికైనా గుండె దడదడలాడుతుంది. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. కానీ పంచకర్మ అనే ఆయుర్వేద చికిత్స జరిగే చోటు వేరుగా ఉంటుంది. అక్కడ ఆడవాళ్లకు ఆడవాళ్లే, మగవాళ్లకు మగవాళ్లే చేయాలి, ఇది మొదటి నియమం. ఏ తైలం, ఎన్ని రోజులు, ఏ చికిత్స అనేది ఆయుర్వేద డిగ్రీ బీఏఎంఎస్ చదివిన డాక్టరు రాస్తారు, థెరపిస్టు దాని ప్రకారం చేస్తుంది. పేషెంటుకు కేసు షీటు ఉంటుంది. ఈ మూడూ ఉన్నాయా లేదా అని మీరే వెళ్లి అడగండి. ఒక్కటి లేకపోయినా అమ్మాయిని అక్కడ ఒక్కరోజు కూడా ఉంచొద్దు.

ఇంకో మాట, మీరు రాయలేదు గానీ మీ వారి మనసులో ఉండే ఉంటుంది. ఒళ్లు పట్టడం మన ఇంట్లోవాళ్లు చేసే పని కాదు, ఫలానా కులంవాళ్లు చేసే పని అని. తలంట్లు, ఒళ్లు మర్దన, కాన్పులు చూడటం, ఇవన్నీ తరతరాలుగా మంగలివాళ్ల మీద వేసి, వాళ్ల చేతి వైద్యంతో బాగుపడి, ఆ చేతులనే తక్కువగా చూశాం. బాలింతకు ఒళ్లు నలిచి, పసిబిడ్డను కాళ్లమీద బోర్లా వేసుకుని నీళ్లు పోసిన మనిషికి చీర పెట్టి పంపామే, ఆమె పక్కన కూర్చుని అన్నం తిన్నామా? ఇది మిమ్మల్ని బాధపెట్టాలని అనడం లేదు. ఇందులో పరువు పోయేదేమీ లేదు, పోయేదల్లా మన దురభిప్రాయమే. మీ అమ్మాయి దాన్ని ఇప్పటికే వదిలేసింది, దాని బరువు మళ్లీ ఆ పిల్ల నెత్తిన పెట్టకండి.

ఇక ఆ నెల రోజుల డిప్లొమా. నాకు చాలా అనుమానాలున్నాయి, కాస్త వివరంగానే చెప్తాను. రెండేళ్ల కిందట ఒకబ్బాయి ఇలాంటిదే చేసి నా దగ్గరకు వచ్చాడు. ఫీజు కోసం వాళ్లమ్మ గొలుసు తాకట్టు పెట్టారు. గోడకు తగిలించుకునేంత సర్టిఫికెట్ ఇచ్చారు, దాని మీద మూడు దేశాల జెండాలు కూడా ఉన్నాయి. నేను అడిగింది ఒక్కటే, పిక్క ఒకవైపే వాచి, వేడిగా, నొప్పిగా ఉన్న మనిషి వస్తే ఏం చేస్తావు అని. బాగా నొక్కి వాపు తీసేస్తానన్నాడు. అమ్మా, అలాంటి పిక్కలో లోపలి రక్తనాళంలో రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు, నొక్కితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణం మీదకు రావచ్చు. చెయ్యి వేయకుండా వెంటనే డాక్టరు దగ్గరకు పంపాలి. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. నెల రోజులూ వీడియోలు చూసి, తోటి విద్యార్థుల వీపుల మీద చేసి వచ్చాడంతే. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల కుర్రాడి వీపుకీ, పక్షవాతం వచ్చిన అరవై ఏళ్ల మనిషి భుజానికీ పోలికే లేదు.

దుబాయ్ సంగతి కూడా చెప్తాను. విదేశీ ఉద్యోగం చూపించే ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండాలి, సర్వీస్ చార్జి కింద ముప్పై వేలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. మీ బంధువును ఆ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. విజిట్ వీసా మీద పంపుతాం, అక్కడికెళ్లాక మారుస్తాం అంటే ఆ ఫోన్ మళ్లీ ఎత్తొద్దు.

మరి చేతితో నేర్చుకోవడం ఎలా ఉంటుందంటే, కొత్తలో అమ్మాయి చేత మసాజే చేయించరు. తైలం వేడి చేయడం, పేషెంటును పడుకోబెట్టే చెక్క ద్రోణి కడగడం, ఒంటికి కాపడం పెట్టే కిళి మూటలు కట్టడం, తువాళ్లు ఉతకడం, చూస్తూ నిలబడటం, ఇవే పనులు. ఇంటికి ఫోన్ చేసి పనిమనిషిలా చూస్తున్నారని ఏడుస్తుంది కూడా. అప్పుడు మీరు వెంటనే వచ్చేయ్ అనకండి. నవరకిళి అనే చికిత్సలో బియ్యాన్ని పాలలో, బల అనే మొక్క వేరు కషాయంలో ఉడికించి మూట కడతారు, ఆ వేడి ఎంత ఉండాలో పుస్తకం చదివితే తెలియదు. ముందు తన చేతి మీద పెట్టి చూసుకుని ఆ తర్వాతే పేషెంటు మీద పెట్టాలి, అది రోజూ పక్కన నిలబడితేనే వస్తుంది. ఒళ్లంతా తైలం పట్టించే అభ్యంగం చాలాచోట్ల ఇద్దరు కలిసి చేస్తారు, చెరో పక్క నిలబడి ఒకే వేగంతో, ఒకే ఒత్తిడితో. కొత్తవాళ్లను సీనియర్‌కు ఎదురుగా పెట్టడంలో ఉన్న మర్మం అదే, ఆమె చేతిని చూస్తూ తన చెయ్యి కుదురుకుంటుంది.

ఒకసారి ఇలాంటి శిక్షణ చూడటానికి వెళ్లాను. నేర్పే ఆవిడ కాగితం కింద ఒక తలవెంట్రుక పెట్టి, కళ్లు మూసుకుని వేలికొనతో అదెక్కడుందో చెప్పమన్నారు. దొరికాక ఇంకో కాగితం, ఆ పైన ఇంకోటి. నాకు రెండో కాగితం దగ్గరే ఏమీ తెలియలేదు. అక్కడ ఆరు నెలలుగా ఉన్న పిల్ల నాలుగు కాగితాల కింద పట్టుకుంది. ఏ ఆన్‌లైన్ క్లాసుతో ఇది వస్తుందో మీరే చెప్పండి.

కష్టం దాచను. ఇది ఒళ్లు అరిగే పని. బొటనవేళ్లతోనే నొక్కేవాళ్లకు కొన్నేళ్లకు ఆ కీళ్లే పోతాయి, ఒంటి బరువును అరచేతిలోకి, మోచేతిలోకి దించడం నేర్పే గురువు కావాలి, బల్ల ఎత్తు సరిగ్గా లేకపోతే నడుము పడుతుంది. మొదట్లో జీతం తక్కువే, మీ ఊళ్లో ఇంజినీరింగ్ పిల్లలతో పోల్చుకుంటే మీకు నిద్ర పట్టదు. మన దేశంలో మసాజ్ థెరపిస్టుకు విడిగా లైసెన్సు వ్యవస్థ కూడా లేదు. అందుకే పని నేర్చుకున్నాక ఆరోగ్య రంగ స్కిల్ కౌన్సిల్ పరీక్ష రాసి పంచకర్మ టెక్నీషియన్ సర్టిఫికెట్ తెచ్చుకోవడం మంచిది.

బీపీటీ దీనికి పూర్తిగా వేరు. నాలుగున్నర నుంచి ఐదేళ్లు పడుతుంది, చదివాక ఫిజియోథెరపిస్టుగా తనే పేషెంటును పరీక్షించి వ్యాయామాలు నిర్ణయించగలదు, 2021 నాటి కేంద్ర చట్టం ఆ వృత్తికి గుర్తింపు కూడా ఇచ్చింది. పంచకర్మ థెరపిస్టు ఆ పని చేయకూడదు. అమ్మాయికి జబ్బు ఎందుకొచ్చిందో తెలుసుకోవాలనే కుతూహలం ఉంటే బీపీటీయే సరైనది. అప్పు చేసి మేనేజ్‌మెంట్ సీటు కొని, ఇష్టం లేని పిల్లను కూర్చోబెట్టడమైతే నేను వద్దంటాను. ఏడాదిన్నర తర్వాత అమ్మాయికి ఇరవై రెండేళ్లు కూడా ఉండవు, అప్పుడూ బీపీటీలో చేరొచ్చు, ఈలోగా ఇగ్నోలో దూరవిద్య డిగ్రీ కట్టుకోవచ్చు. ఏ తలుపూ మూసుకుపోదు, ఆ టెన్షన్ మీకు అక్కర్లేదు.

విశాఖ వెళ్లినప్పుడు ఇవి తేల్చుకోండి: ఎన్ని నెలలు, స్టైపెండ్ ఎంత, వారానికి సెలవు ఎప్పుడు, మధ్యలో మానేస్తే ఏమిటి, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. కేంద్ర అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో ఆ ఆసుపత్రి నమోదై ఉందేమో కనుక్కోండి, ఉంటే స్టైపెండ్‌లో నాలుగో వంతు, నెలకు 1,500 రూపాయలు మించకుండా, ప్రభుత్వమే భరిస్తుంది. ఇంటర్ మెమో, టీసీ ఒరిజినల్స్ మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి, జిరాక్సులు చాలు. ఇబ్బందిగా ప్రవర్తించే పేషెంటు ఉంటే చెయ్యనని చెప్పే హక్కు పిల్లకు ఉందా అని అక్కడి సీనియర్ థెరపిస్టునే, అమ్మాయి ముందే అడగండి.

మీ వారిని కూడా తీసుకెళ్లండి. పేషెంట్లు కూర్చునే హాల్లో ఒక గంట కూర్చోబెట్టండి, చేతికర్రతో వచ్చినవాళ్లను, వాళ్లతో వచ్చిన పిల్లలను ఆయన చూడాలి. వచ్చాక సంతకం చేయమన్న కాగితం ఫొటో తీసి నాకు పంపండి, నేను చదివేదాకా సంతకం పెట్టకండి.