బ్రష్ అంటే పళ్ళు తోముకునేదేనా?

"ఎక్సెల్ కాస్త బ్రష్ అప్ చేసుకో" అని మీ టీమ్ లీడ్ మెయిల్ పెట్టారని, ఇందులో బ్రష్ ఎక్కడిదని అడిగారు. టెన్షన్ వద్దు. ఒకప్పుడు బాగా వచ్చి ఇప్పుడు మరుగునపడిన పనిని మళ్ళీ సానబెట్టుకోమని అర్థం. అసలు రానిదాన్ని నేర్చుకోమనడానికి ఈ మాట వాడరు.

బ్రష్ అన్న మాటతోనే మా ఇంట్లో ఓసారి పెద్ద నవ్వులాటైంది. మాది విజయవాడ, సత్యనారాయణపురం. సంక్రాంతి ముందురోజు గారెల పప్పు సగం నలిగాక మిక్సీ అడుగున నిప్పురవ్వలు, మాడు వాసన, అంతే, ఆగిపోయింది. గవర్నరుపేటలో రిపేరు కొట్టుకి తీసుకెళ్తే అతను విప్పి చూసి "బ్రష్‌లు అరిగిపోయాయమ్మా" అన్నాడు.

"దాన్ని నేనెప్పుడు బ్రష్‌తో రుద్దాను నాయనా, తడిగుడ్డతో తుడవడమే!" అంది మా అమ్మ.

అతను అరచేతిలో పెట్టి చూపించాడు. రెండు నల్లటి చిన్న ముక్కలు, వెనకాల స్ప్రింగులు. ఒక్క కుచ్చు లేదు! మోటారు లోపల తిరిగే భాగాన్ని రెండు వైపులా ఒరుసుకుంటూ దానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలవి. ఒరుసుకునేవి కాబట్టే అరుగుతాయి. పాత డైనమోల్లో (కరెంటు పుట్టించే యంత్రాల్లో) ఆ చోట రాగితీగల కట్ట ఉండేది, అచ్చం కుంచెలాగే. 1885లో జార్జ్ ఫోర్బ్స్ అనే స్కాట్లండ్ ఇంజినీరు కార్బన్ వాడకానికి పేటెంటు తీసుకున్నాడు. తీగలు పోయాయి, పేరు మిగిలింది. ఇప్పటి బీఎల్‌డీసీ ఫ్యాన్లలో మొదటి రెండక్షరాలకీ అర్థం 'బ్రష్‌లెస్', అంటే బ్రష్‌లు లేవనే. (మామూలు సీలింగ్ ఫ్యాన్‌లోనూ ఉండవు. షాపువాళ్ళు ఆ సంగతి చెప్పరు.)

మనం పళ్ళు తోముతాం, జుట్టు దువ్వుతాం, గోడకి రంగు వేస్తాం. ఇంగ్లీషులో అన్నిటికీ బ్రష్ సరిపోతుంది. అందుకే "బ్రష్ చేశావా" అని ఊరుకోకుండా, పళ్ళ మాట కూడా కలిపి అడగడం మేలు.

బీసెంట్ రోడ్డు పండగ రద్దీలో ఎవరో భుజం రాసుకుంటూ పోయినా ఇంగ్లీషులో అది బ్రష్షే. 'బ్రష్ విత్ డెత్' అంటే చావు అంచుదాకా వెళ్ళి రావడం. 'బ్రష్ అసైడ్' అంటే చెప్పినదాన్ని కొట్టిపారేయడం. చీపురు మాత్రం బ్రూమ్.

అన్నట్టు, నక్క తోకనీ బ్రష్ అంటారు. అలాగని "నక్కతోక తొక్కాడు" అన్నదాన్ని ఆ మాటతో ఇంగ్లీషులోకి దించకండి, ఎవరికీ అర్థం కాదు.