వాయుగోణిలో గోణి

సందేహం: జీవశాస్త్రం పుస్తకంలో ఊపిరితిత్తుల పాఠం దగ్గర ‘వాయుగోణులు’ అని ఉంది. బొమ్మలో గుండ్రంగా కనిపిస్తున్నాయి కాబట్టి ‘వాయుగోళాలు’కు అచ్చుతప్పేమో అనుకున్నాను. తెలిసినవారొకరు ‘కోణం’ నుంచి వచ్చిందన్నారు. ఏది నిజం? ఒక్కటే ఉంటే గోణమనాలా, గోణువనాలా?

సమాధానం: అచ్చుతప్పు కాదు, కోణంతో సంబంధమూ లేదు. గోణి అంటే సంచి. వాయుగోణి అంటే గాలిసంచి. ఊపిరితిత్తుల్లో గాలిగొట్టాలు చీలి చీలి సన్నబడ్డాక వాటి చివర గుత్తులుగా ఉండే అతి చిన్న సంచులివి. ఒక్కొక్కటి అడ్డంగా కొలిస్తే మిల్లీమీటరులో అయిదోవంతు దాకా ఉంటుంది. ఆక్సిజన్ రక్తంలోకి చేరేదీ, కార్బన్ డయాక్సైడ్ బయటికొచ్చేదీ ఇక్కడే.

ఏకవచనం వాయుగోణి. పులి పులులు, నది నదులు అయినట్టే గోణి గోణులవుతుంది. గోణం అయితే గోణాలు, గోణువైతే గోణువులు కావాలి కదా. బహువచనమే ఎక్కువగా కనిపించడంతో ఈ తికమక వచ్చింది.

మాట చాలా పాతది. పాణిని సంస్కృత వ్యాకరణం అష్టాధ్యాయిలో (4-1-42) దీని ప్రస్తావన ఉంది: ‘గోణ’ శబ్దానికి సరుకు పోసుకునే సంచి అనే అర్థం ఉంటేనే ‘గోణీ’ రూపం, లేకపోతే ‘గోణా’. దానిమీద పతంజలి రాసిన వ్యాఖ్య మహాభాష్యంలో ఇదే మాట ఇంకో వేషంలో కనిపిస్తుంది. ఆవుకు ‘గౌః’ శుద్ధమైన మాట అనీ, గావీ, గోణీ, గోతా, గోపోతలికా దాని అపభ్రంశాలనీ ఆయన చెబుతాడు. అంటే సంచిని గోణీ అంటే ఒప్పు, ఆవును గోణీ అంటే తప్పు! ఈ చిక్కును భర్తృహరి వాక్యపదీయమనే వ్యాకరణ గ్రంథంలో తేల్చాడు: గోణి వంటివి వేరే అర్థంలో సాధుశబ్దాలే (ఒప్పయిన మాటలే). వ్యాకరణం పొడిగా ఉంటుందనేవాళ్లకు ఈ ఒక్క మాట చరిత్ర చదివించాలి.

మన ‘గోనె’ ఈ గోణికి తద్భవం. హిందీ మీదుగా ఇంగ్లీషుకు వెళ్లి ‘గన్నీ’ అయిందీ ఇదే. తెలుగులో గోనె అంటే సంచి అనే అర్థం పలచబడి, ముతక నారగుడ్డ అనే అర్థం పైకొచ్చింది. అందుకే ‘గోనెసంచి’ అంటున్నాం. మూలార్థం పట్టుకుంటే అది ‘సంచి సంచి’, నడిసెంటర్ లాంటిదే.

మరి ఊపిరితిత్తిలో అచ్చతెలుగు ‘తిత్తి’ ఉండగా లోపలికి సంస్కృత గోణి ఎందుకు? తిత్తి అంటే తోలుసంచి. కొలిమితిత్తిలో ఉన్నది అదే. గాలి నింపుకుని ఉబ్బడం, వదిలి ముడుచుకోవడం తిత్తి లక్షణం. గోనె ఉబ్బేది కాదు, గాలిని పట్టి ఉంచేదీ కాదు. ఆ లెక్కన వాయుతిత్తి ఇంకా బాగుండేదని నా అభిప్రాయం. కానీ ఊపిరితిత్తిలో వాయుతిత్తులు అంటే చదివే పిల్లలు ఏ తిత్తి ఏదో తెలియక తలపట్టుకుంటారు.

పిత్తాశయం, మూత్రాశయం లాగా ‘వాయ్వాశయం’ అనొచ్చు కదా అని అడగొచ్చు. పలకడమే కష్టం. పైగా ఆశయమంటే ఏదైనా నిలిచి ఉండే చోటు. ఇక్కడ గాలి వస్తూ పోతూ ఉంటుంది. కోశం కూడా చిక్కే, హిందీలో ‘కోశిక’ అంటే మనం కణం అంటున్నది. కాబట్టి పుస్తకాల్లో స్థిరపడిన గోణినే ఉంచుకుందాం.

ఒక్క జాగ్రత్త: ‘వాయుగోనులు’ అని రాయకండి. తద్భవమైన గోనెలో ‘న’, తత్సమమైన గోణిలో ‘ణ’.