న్యూరాన్ల లెక్కల దారిన వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మడికి మామయ్య ఆశీస్సులు.

బయోఇంజనీరింగ్‌లో పీహెచ్‌డీకి చేరుతున్నావనీ, నాడీకణాలు సమాచారాన్ని ఎలా లెక్కకడతాయన్నదే నీ పరిశోధనాంశమనీ, చివరికి ఆచార్యురాలివి కావాలన్నదే నీ కోరిక అనీ మీ అమ్మ చెప్పింది. నేనెంత పొంగిపోయానో ఆవిడనే అడుగు, చెబుతుంది. ఈ ఉత్తరం మాత్రం నా బెంగ గురించి.

లీనియర్ ఆల్జీబ్రా, సంభావ్యత గట్టిగా నేర్చుకో. గైడ్‌ను ఎంచుకునే ముందు ఆయన దగ్గర చదివి బయటికి వెళ్లినవాళ్లతో మాట్లాడు. ఉద్యోగాల వేటలో ఇంజనీర్లు నిన్ను జీవశాస్త్రవేత్తవంటారు, జీవశాస్త్రం వాళ్లు ఇంజనీరువంటారు. కనుక నీ ప్రశ్న ఏమిటో ఇద్దరికీ ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. ఇవి నీకు తెలియనివి కావు.

నా భయమల్లా నీ స్వభావం గురించే. జవాబు ముందు చూసుకుని లెక్కను వెనక నుంచి నడిపించడం నీకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఈ రంగంలో ఆ అలవాటు ఎక్కడికి తీసుకుపోతుందో నేను దగ్గరుండి చూశాను.

మా ప్రయోగశాలలో చాలా చురుకైన విద్యార్థి ఒకడు ఉండేవాడు. కోతి మెదడులో కదలికలను నడిపే మోటార్ కార్టెక్స్‌లోని స్పైకులను (న్యూరాన్లు, అంటే నాడీకణాలు, పంపే క్షణికమైన విద్యుత్ సంకేతాలను) బట్టి చేయి ఎడమకు కదులుతుందో కుడికి కదులుతుందో చెప్పే ప్రోగ్రాం, డీకోడర్, రాశాడు; అది దాదాపు తప్పే చేసేది కాదు. అయితే పని సులువవుతుందని, ఎడమ ట్రయల్సన్నీ (ఒక్కో కదలిక ఒక ట్రయల్) ముందు, కుడి ట్రయల్సన్నీ తరువాత రికార్డు చేశాడు. ఆ కొన్ని గంటల్లో సంకేతాలను పట్టే ఎలక్ట్రోడ్ మెదడు కణజాలంలో కొద్దికొద్దిగా జారింది. జారింది మైక్రాన్లలోనే అయినా, స్పైకు ఎత్తు కూడా మైక్రోవోల్టుల్లోనే ఉంటుంది కనుక, ఒక న్యూరాన్ మసకబారి పక్కది పైకి తేలింది. డీకోడర్ పట్టుకున్నది ఆ జారుడునే. పరీక్షకని పక్కన పెట్టిన ట్రయల్సు కూడా అవే గుంపుల్లోంచి తీసినవి కావడంతో క్రాస్ వాలిడేషన్‌కు, అంటే నేర్పడానికి వాడని ట్రయల్సు మీద చేసే పరీక్షకు, ఈ దొంగ దొరకలేదు. పేపరు పంపబోయే ముందు, ఎడమ ట్రయల్సును మాత్రమే మొదటి సగం, రెండో సగంగా విడగొట్టి, ఏది ఏ సగానిదో చెప్పమని డీకోడర్‌ను అడిగాం. చేయి కదిలింది ఒకే దిశకైనా, రెండు సగాలనూ అంతే ధీమాగా వేరుచేసింది! రెండు దిశలనూ కలగలిపి మళ్లీ రికార్డు చేస్తే, బొమ్మా బొరుసా వేసినదానికన్నా కాస్త మెరుగు, అంతే. కుర్రవాడు ఆ గ్రాఫు చూసి, ఏమీ మాట్లాడకుండా ఎలక్ట్రోడ్ సంకేతాన్ని పెంచే హెడ్‌స్టేజ్ పరికరాన్ని ఊడదీసి, కనెక్టర్లు ఒక్కొక్కటే తుడుస్తూ కూర్చున్నాడు. తరువాతి రోజుల్లో మా దగ్గర ఎవరు ప్రయోగం మొదలుపెట్టినా ట్రయల్సు వరుసను తనిఖీ చేసింది అతడే. వాడంటే నాకు ఇప్పటికీ ప్రాణం.

అందుకే, ఎంత సిద్ధాంతం చదివినా కొన్నాళ్లు రిగ్ దగ్గర, అంటే రికార్డింగు పరికరాల దగ్గర, పనిచెయ్యి. ఫిల్టర్ చేయని ముడి సంకేతాన్ని స్పీకరుకు కలిపి విను. న్యూరాన్ చిటపటలాడుతుంది, కరెంటు లైను హూంకరిస్తుంది. ఒక రోజు డేటాతో నేర్పిన డీకోడర్‌ను మరో రోజు డేటా మీద పరీక్షించు. 1952లో శాస్త్రవేత్తలు హాజ్‌కిన్, హక్స్‌లీ స్క్విడ్ అనే సముద్రజీవి నాడీతంతువులో విద్యుత్ ప్రవాహాలను తామే కొలిచి ఆ కొలతల నుంచి సమీకరణాలు రాశారు. కంప్యూటరు అందుబాటులో లేకపోతే హక్స్‌లీ చేత్తో తిప్పే గణన యంత్రం మీద వాటిని సాధించాడు. స్టాన్‌ఫర్డ్‌లో క్వబెనా బోహెన్ బృందం పది లక్షల న్యూరాన్లను అనుకరించడానికి న్యూరోగ్రిడ్ అనే యంత్రాన్నే తయారుచేసింది. నీకు అంత ఓపిక ఉందా అని అడగను. మొండితనం మాత్రం ఉంది, అది మా వైపు నుంచే వచ్చింది.

మొదటి ప్రయోగానికి ప్రణాళిక రాయగానే, రికార్డింగు మొదలుపెట్టకముందే నాకు పంపు. ట్రయల్సు ఏ వరుసలో వస్తాయో రాసిన కాగితం తప్పక జతచెయ్యి.

ఇట్లు,
మామయ్య