చెవి క్లిప్పుల మెషిన్ సంగతి తర్వాత, ముందు ఆ నిద్రమాత్ర

ప్రశ్న: నా వయసు 41. నైట్ షిఫ్టులు మానేసి ఏడాదైనా తెల్లవారుజాము దాకా నిద్ర పట్టదు. మెడికల్ షాపులో ఆల్‌ప్రాజొలామ్ 0.25 కొని మొదలుపెట్టాను, ఇప్పుడు 0.5వి రెండు వేసుకుంటున్నాను. మైగ్రేన్‌కు ప్రొప్రనలాల్ కూడా ఉంది. ఎలుకల మెదడుకు కరెంటు ఇస్తే నిద్రకు తోడ్పడే మెలటోనిన్ హార్మోన్ పెరిగిందని చదివి, చెవులకు క్లిప్పులు పెట్టుకునే మెషిన్ తెప్పించుకున్నాను. రోజూ ఎంతసేపు పెట్టుకోవాలి? మాత్ర ఆపేయొచ్చా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: మాత్ర ఒక్కసారిగా ఆపకండి. 0.25 నుంచి 1 మిల్లీగ్రాముకు, అంటే నాలుగింతలకు వచ్చారు. శరీరం దానికి అలవాటు పడిపోయింది. ఈ దశలో హఠాత్తుగా మానేస్తే చేతులు వణకడం, విపరీతమైన టెన్షన్, కొందరిలో ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టర్ పర్యవేక్షణలో వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి. ఇది షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ చూసి, రాసిన డాక్టర్ పేరు, మీ పేరు రిజిస్టర్‌లో ఎక్కించి మరీ ఇవ్వాలి. షాపతను అడగలేదు సరే, మీరైనా ఇన్నాళ్లలో ఒక్కసారి డాక్టర్‌కు చూపించుకోవాల్సింది కదా! దీని మీద మద్యం తాగితే ఊపిరికే ప్రమాదం.

ఇక ఎలుకల సంగతి. చీకటి పడ్డాక మెదడులోని గడియారం పంపే సంకేతం వెన్నుపాములోకి దిగి, మెడలోని సింపథెటిక్ నరాల మీదుగా పైకెక్కి పీనియల్ గ్రంథికి చేరుతుంది. అక్కడ నార్‌ఎడ్రినలిన్ అనే రసాయనం విడుదలై మెలటోనిన్ తయారీ ఊపందుకుంటుంది. ఆ మెడ నరాలకు కరెంటు ఇస్తే, తయారీకి కావాల్సిన ఎంజైమ్ ఎలుకల్లో పగటిపూటే పెరిగింది. కానీ అదే సంకేతం దారిలో, మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌లోని పారావెంట్రిక్యులర్ కేంద్రానికి ఇస్తే 1985 నాటి అధ్యయనంలో మెలటోనిన్ తగ్గింది, 1987 నాటి మరోదాంట్లో పెరిగింది. ఈ రెండూ మెదడు లోపలికి ఎలక్ట్రోడ్ దించి చేసిన ప్రయోగాలు. చెవి క్లిప్పులతో అదే ఫలితం వస్తుందని చెప్పలేం, నిమిషాల లెక్కా చెప్పలేను. ఫిట్స్ వచ్చినవాళ్లు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దాన్ని సొంతంగా వాడకూడదు. మాత్ర తగ్గించడం పూర్తయ్యేదాకా మీరూ పక్కన పెట్టండి.

మీరు అడగని విషయం ఒకటుంది. నార్‌ఎడ్రినలిన్ పనిచేసే బీటా రిసెప్టర్లనే, అంటే కణాల మీద దాన్ని అందుకునే చోట్లనే, ప్రొప్రనలాల్ అడ్డుకుంటుంది, కాబట్టి రాత్రి మెలటోనిన్ తగ్గవచ్చు. నిద్ర పట్టకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు. అలాగని దాన్నీ మీ అంతట మీరు ఆపకండి, గుండెదడ పెరుగుతుంది. రాసిన డాక్టర్‌నే అడగండి, వేళో మందో మార్చే వీలుందేమో ఆయన చూస్తారు.

ఈ వారంలోనే సైకియాట్రిస్ట్‌ను గానీ న్యూరాలజిస్ట్‌ను గానీ కలవండి. స్ట్రిప్పులన్నీ వెంట తీసుకెళ్లండి. గురక ఉంటే అదీ చెప్పండి. ఈలోగా మాత్ర తప్పిపోయి వణుకు, అయోమయం, ఫిట్స్ లాంటివి కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.