‘యాక్టింగ్ అప్’ అంటే నటిస్తోందని కాదు

ప్రశ్న: పాత ల్యాప్‌టాప్‌ను రిపేరుకిస్తే జాబ్ షీట్ మీద ‘హార్డ్‌డిస్క్ యాక్టింగ్ అప్, మే కాంక్ అవుట్’ అని రాసిచ్చారు. డిస్క్ పోయినట్టా, ఉన్నట్టా? ఇప్పుడేం చేయాలి?

జవాబు: ఇంకా పోలేదు, పోయేలా ఉంది. ఒకసారి పనిచేసి మరోసారి చేయకపోతే ఆ యంత్రం ‘యాక్ట్ అప్’ అవుతోందంటారు. పిల్లలు నలుగురిలో మారాం చేసినా, పాత మోకాలి నొప్పి తిరగబెట్టినా ఇంగ్లిష్‌లో ఇదే మాట. మన ‘మొరాయించింది’ దీనికి అంతగా అతకదు. పోలింగ్ రోజు ‘మొరాయించిన ఈవీఎంలు’ అని చదివితే అవి తడబడ్డాయో, పూర్తిగా ఆగిపోయాయో తెలియదు కదా! ‘పేచీ పెడుతోంది’ అనుకుంటే సరిగ్గా సరిపోతుంది.

‘కాంక్ అవుట్’ అయితే ఆగిపోవడమే. మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమాన చోదకులు ఇంజిన్ ఆగిపోతే వాడిన మాట ఇది. అలసిపోయి పడుకోగానే నిద్రపోయిన మనిషికీ వాడతారు.

ఈ రెండూ యంత్రం తనంతట తాను చేసే పనులు. ‘మై ల్యాప్‌టాప్ ఈజ్ యాక్టింగ్ అప్’ ఒప్పు, ‘ఐ యాక్టెడ్ అప్ మై ల్యాప్‌టాప్’ తప్పు. పైగా ఇవి కబుర్లలో వాడే మాటలు. వారంటీ ఫిర్యాదులో మాత్రం ‘ఆన్ చేసిన పది నిమిషాలకు స్క్రీన్ బిగుసుకుపోతోంది’ అన్నట్టు లక్షణమే రాయండి. (బ్రిటన్ ఆఫీసుల్లో ‘యాక్టింగ్ అప్’ అంటే పై హోదాలో తాత్కాలికంగా ఇన్‌ఛార్జిగా ఉండటం. అక్కడ దాన్ని తిట్టనుకోవద్దు.)

ఇక మీ డిస్క్ సంగతి. చాలామంది ముందు విండోస్‌లో డిస్క్ తప్పులు వెతికే చెక్‌డిస్క్ (chkdsk) కమాండ్‌ను స్లాష్ ఆర్ (/r)తో నడుపుతారు. అది డిస్క్ మొత్తాన్నీ చదువుతుంది. కొన ఊపిరితో ఉన్న డిస్క్‌కు ఆ శ్రమే ఎక్కువ కావచ్చు. ముందు ఫైళ్లు బయటికి తీయండి. మళ్లీ దొరకని ఫొటోలు, పత్రాలతో మొదలుపెట్టండి, సినిమాల సంగతి తర్వాత.

విండోస్‌లో ఆదేశాలు టైప్ చేసే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, రోబోకాపీ (robocopy, ఫైళ్లు కాపీ చేసే కమాండ్) అని కొట్టి, పాత ఫోల్డర్ దారి, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోని కొత్త ఫోల్డర్ దారి ఇచ్చి, చివర స్లాష్ ఈ, స్లాష్ ఆర్ కోలన్ 1, స్లాష్ డబ్ల్యు కోలన్ 1 (/E /R:1 /W:1) చేర్చండి. చివరి రెండూ మరిచిపోతే, చదవలేని ఒక్క ఫైలు దగ్గరే 30 సెకన్లకోసారి చొప్పున 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది! టక్ టక్ మని చప్పుడొస్తుంటే మాత్రం కాపీ కూడా వద్దు. పవర్ తీసేసి డేటా రికవరీ వాళ్లకివ్వండి.

కాపీ అయ్యాక, డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో (CrystalDiskInfo) అనే ప్రోగ్రామ్‌లో 05, సీ5, సీ6 వరుసలు చూడండి. డిస్క్‌లో చెడిపోయిన, చదవలేని భాగాల లెక్కలివి. వాటి ఎదురుగా రా వాల్యూస్ (అసలు లెక్క) గడిలో సున్నా కాకపోతే, అందులోనూ రోజురోజుకూ పెరుగుతుంటే, డిస్క్ మార్చాల్సిందే. ఆ అంకెలు హెక్సాడెసిమల్‌లో (పదికి బదులు పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతిలో) ఉంటాయి, 10 అని ఉంటే 16 అని అర్థం. డేటా పంపడంలో వచ్చిన తప్పుల లెక్క అయిన సీ7 ఒక్కటే పెరుగుతుంటే తప్పు కేబుల్‌దో, కనెక్టర్‌దో అయ్యుండొచ్చు. అది మార్పించినా పాత అంకె తగ్గదు, పెరగడం ఆగిందా లేదా అన్నదే చూసుకోండి.