గల్ఫ్ భద్రతా వ్యవహారాలు చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లా. చరిత్ర, రాజనీతిశాస్త్రం, ఆర్థికశాస్త్రం ప్రధానాంశాలుగా బీఏ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా నాన్న దోహాలో డ్రైవరుగా పనిచేస్తున్నారు. 2025 జూన్‌లో ఖతర్‌లోని అమెరికా స్థావరంపైకి ఇరాన్ క్షిపణులు వచ్చిన రాత్రి నుంచి ఇస్లామిక్ దేశాలు ఎదుర్కొంటున్న వ్యూహాత్మక, భద్రతా సవాళ్ల గురించి దొరికినదల్లా చదువుతున్నాను. ఇదే విషయంలో పైచదువులు చదవాలని ఉంది. బీఈడీ చేసి డీఎస్సీ రాయమని అమ్మ అంటోంది. ఈ రంగంలో ఉద్యోగాలు ఉన్నాయా? ఎక్కడ చదవాలి? అరబిక్ తప్పనిసరా? ముస్లింను కాని నాకు ఇందులో చోటు ఉంటుందా?

జవాబు: మీ ఆసక్తికి బలమైన కారణమే ఉంది. అయితే కోర్సుల సంగతికి వెళ్లే ముందు, మీరు ఎంచుకున్న అంశం ఒక మనిషి జీవితకాలంలో చదివి ముగించగలిగినది కాదని చెప్పాలి. 1969లో ఏర్పడిన ఇస్లామిక్ సహకార సంస్థలో 57 సభ్యదేశాలు ఉన్నాయి. ఇండోనేషియా, నైజీరియా, అల్బేనియా, దక్షిణ అమెరికాలోని గయానా కూడా వాటిలో ఉన్నాయి. వీటన్నిటికీ కలిపి ఒక సైన్యం లేదు, ఉమ్మడి శత్రువూ లేడు. పైగా ఈ దేశాలకు ఎదురైన పెద్ద ప్రమాదాల్లో చాలా భాగం ఒకరి నుంచి మరొకరికి వచ్చినవే. ఇరాన్, ఇరాక్‌లు 1980 నుంచి ఎనిమిదేళ్లు యుద్ధం చేశాయి. 1990లో కువైట్‌ను ఆక్రమించింది పొరుగునున్న ఇరాకే. 2017 జూన్‌లో ఖతర్‌తో సంబంధాలు తెంచుకుని భూ, జల, వాయు మార్గాలు మూసివేసిన సౌదీ అరేబియా, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టులు నాలుగూ అరబ్ దేశాలే కాగా, అప్పుడు ఖతర్‌కు సైనికులను పంపి అండగా నిలిచింది అరబ్ దేశం కాని టర్కీ. ఆ దిగ్బంధం 2021 జనవరిలో సౌదీలోని అల్ ఉలాలో కుదిరిన ఒప్పందంతో గాని ముగియలేదు. 2015 డిసెంబరులో ఉగ్రవాదంపై పోరుకు 34 ముస్లిం దేశాల సైనిక కూటమిని సౌదీ ప్రకటించినప్పుడు, ఉగ్రవాదం వల్ల అత్యధికంగా నష్టపోతున్న ఇరాక్, సిరియాలు ఆ జాబితాలో లేవు, సౌదీకి ప్రత్యర్థి అయిన ఇరాన్ సరే సరి. అందువల్ల ‘ఇస్లామిక్ దేశాల భద్రత’ అనే శీర్షికతో పరిశోధన ప్రతిపాదన పంపితే, ఏ ఆచార్యుడైనా ముందుగా అడిగేది ఏ దేశం, ఏ సమస్య అనే.

నా సలహా గల్ఫ్‌ను ఎంచుకోమని. మీ ఇంటి కథ అక్కడ ఉందన్నది ఒక్కటే కారణం కాదు. ఈ ప్రాంతపు భద్రతా వ్యవస్థ పునాదులు మీ కళ్ల ముందే కదులుతున్నాయి. స్థానిక పౌరులు జనాభాలో సుమారు పదో వంతు మాత్రమే ఉన్న ఖతర్, యూఏఈ వంటి చిన్న దేశాలు పెద్ద పొరుగు దేశాల మధ్య నిలదొక్కుకోవడానికి దశాబ్దాలుగా అమెరికా రక్షణను నమ్ముకున్నాయి. బహ్రెయిన్‌లో అమెరికా ఐదో నౌకాదళం, ఖతర్‌లో అల్ ఉదైద్ వైమానిక స్థావరం ఆ నమ్మకానికి రూపాలు. 2019 సెప్టెంబరులో సౌదీలోని అబ్‌కైక్ చమురు కేంద్రంపై డ్రోన్లు, క్షిపణుల దాడితో ఆ దేశపు చమురు ఉత్పత్తిలో దాదాపు సగం కొన్నాళ్లు ఆగిపోయింది. ఆ దాడి వెనుక ఇరాన్ ఉందని ఆరోపించిన అమెరికా, దానికి బదులుగా సైనిక దాడి మాత్రం చేయలేదు. సౌదీ ఆలోచనలో మార్పు అక్కడ మొదలైందని నేను భావిస్తాను. 2023 మార్చిలో బీజింగ్‌లో చైనా మధ్యవర్తిత్వంతో ఇరాన్‌తో దౌత్య సంబంధాల పునరుద్ధరణకు అది అంగీకరించడాన్ని ఈ నేపథ్యంలోనే చూడాలి. ఇక 2025లో ఖతర్‌పై జూన్ 23న ఇరాన్ క్షిపణులు, సెప్టెంబరు 9న పాలస్తీనా సాయుధ సంస్థ హమాస్ నాయకులను లక్ష్యంగా చేసుకున్న ఇజ్రాయెల్ బాంబులు పడ్డాయి. పరస్పర శత్రువులైన రెండు దేశాలు మూడు నెలల తేడాతో ఒకే చిన్న దేశంపై దాడి చేయగా, అక్కడున్న అమెరికా స్థావరం రెంటిలో దేనినీ నివారించలేకపోయింది. దోహాపై ఇజ్రాయెల్ దాడి జరిగిన ఎనిమిది రోజులకే సౌదీ అరేబియా, పాకిస్థాన్‌లు ఒకరిపై దాడిని ఇద్దరిపై దాడిగా పరిగణించే రక్షణ ఒప్పందంపై సంతకాలు చేశాయి. ఆ ఒప్పందం అప్పటికే చాలాకాలంగా చర్చల్లో ఉన్నప్పటికీ, సంతకాలకు ఎంచుకున్న సమయాన్ని గమనించాలి.

సముద్ర మార్గాల సంగతి దీనికి తక్కువేమీ కాదు. 2024 నాటి లెక్కల ప్రకారం రోజుకు సుమారు 2 కోట్ల బ్యారెళ్ల చమురు, అంటే ప్రపంచ వినియోగంలో దాదాపు ఐదో వంతు, గల్ఫ్‌ను బయటి సముద్రంతో కలిపే ఇరుకైన హర్మూజ్ జలసంధి గుండా వెళ్లింది. ఎర్ర సముద్రానికి చేరే పైపులైను సౌదీకి, జలసంధికి వెలుపలున్న ఫుజైరా రేవుకు చేరే పైపులైను యూఏఈకి ఉన్నాయి గాని, ఖతర్, కువైట్, బహ్రెయిన్‌ల ఎగుమతులకు వేరే సముద్ర దారి లేదు. 2023 నవంబరు నుంచి యెమెన్‌లోని హూతీ సాయుధ తిరుగుబాటుదారులు ఎర్ర సముద్రంలో నౌకలపై దాడులు మొదలుపెట్టినప్పుడు కంపెనీలు ఆఫ్రికా ఖండాన్ని చుట్టి రావలసి వచ్చింది. గాజాకు మద్దతుగా చేస్తున్నామని వారు చెప్పిన ఆ దాడులతో సూయజ్ కాలువ ఆదాయం పడిపోయి బాగా నష్టపోయింది మరో అరబ్ దేశమైన ఈజిప్టే. 2024 జనవరిలో క్షిపణి తగిలి మంటల్లో చిక్కుకున్న ‘మార్లిన్ లువాండా’ నౌకకు సాయంగా వెళ్లింది మన ‘ఐఎన్ఎస్ విశాఖపట్నం’. ఆ నౌక సిబ్బందిలో 22 మంది భారతీయులు.

ఈ రంగంలోకి వచ్చే విద్యార్థుల్లో ఎక్కువమంది ఉగ్రవాదంపైనో, ఇస్లాంలోని షియా–సున్నీ శాఖల విభేదాలపైనో రాయడానికి ఉత్సాహపడతారు. ఆ విభేదాలు నిజమే. కాని ప్రతి సంఘర్షణకూ వాటినే కారణంగా చూపే వ్యాసాలు నాకు అంతగా నచ్చవు. సున్నీ పాలనలోని దేశాలే మరో సున్నీ దేశమైన ఖతర్‌ను ఎందుకు దిగ్బంధించాయో అవి చెప్పలేవు. నీటిని చూడండి. గల్ఫ్ నగరాల తాగునీరు చాలావరకు సముద్రపు నీటిలోని ఉప్పు తొలగించే ప్లాంట్ల నుంచే వస్తుంది. కువైట్‌లో అది 90 శాతం దాకా ఉంటుంది. ఆ ప్లాంట్లు తీరం వెంట, క్షిపణుల అందుబాటులో ఉన్నాయి. యూఫ్రటీస్‌పై టర్కీ ఆనకట్టల వల్ల సిరియా, ఇరాక్‌లకు, నైలుపై ఇథియోపియా ఆనకట్ట వల్ల ఈజిప్టు, సూడాన్‌లకు పట్టుకున్న భయమూ ఇటువంటిదే. నీరు, ఆహారం, రేవుల భద్రతపై మన దేశంలో లోతుగా పనిచేసేవారు తక్కువ. బీఏలో ఆర్థికశాస్త్రం చదివినందువల్ల మీరు ఇటువైపు సులువుగా రాగలరు.

మీకే ప్రత్యేకంగా అందుబాటులో ఉన్న అంశం మరొకటి ఉంది. గల్ఫ్ సహకార మండలికి చెందిన ఆరు దేశాల్లో సుమారు 90 లక్షల మంది భారతీయులు ఉన్నారు. 1990లో కువైట్ నుంచి దాదాపు 1.7 లక్షల మందిని జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా విమానాల్లో తీసుకొచ్చారు. 2015లో యెమెన్ నుంచి ‘ఆపరేషన్ రాహత్’ ద్వారా 4,600 మందికి పైగా భారతీయులు బయటపడ్డారు. కాని ఈ తరలింపుల గురించిన రచనలు ఎక్కువగా విమానాలు, నౌకల చుట్టూ తిరుగుతాయి. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండిపోయిన కార్మికుడు యుద్ధ సమయంలో ఏం చేయాలి, లేబర్ క్యాంపుకు ఎంబసీ సమాచారం ఏ భాషలో, ఎంత ఆలస్యంగా చేరుతుంది, అప్పు తీరకుండా తిరిగి రావలసి వస్తే ఆ కుటుంబం ఏమవుతుంది అన్న ప్రశ్నలను భద్రతా అంశాలుగా చూసిన పరిశోధన చాలా స్వల్పం. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ఊళ్లలో కూర్చుని తెలుగులో మాట్లాడుతూ ఈ సమాచారం సేకరించడం ఢిల్లీ పరిశోధకులకు అంత తేలిక కాదు.

చదువు విషయానికి వస్తే, మొదట అంతర్జాతీయ సంబంధాల్లో ఎంఏ చేయండి. జేఎన్‌యూలోని అంతర్జాతీయ అధ్యయనాల విభాగం, జామియా మిలియా ఇస్లామియా, పశ్చిమాసియాకు ప్రత్యేక విభాగమే ఉన్న అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం ముందు వరుసలో ఉంటాయి. రక్షణ, వ్యూహాత్మక అధ్యయనాలకు మద్రాసు, పుణె విశ్వవిద్యాలయాల్లో పాత విభాగాలు ఉన్నాయి. జేఎన్‌యూ ప్రవేశాలు ఉమ్మడి ప్రవేశ పరీక్ష అయిన సీయూఈటీ పీజీ ద్వారా జరుగుతాయి. దాని ప్రకటన సాధారణంగా చలికాలంలో, పరీక్ష మార్చి ప్రాంతంలో ఉంటాయి. జామియా, అలీగఢ్ సొంత పరీక్షలు కూడా నిర్వహిస్తాయి కనుక వాటి ప్రకటనలను విడిగా చూసుకోవాలి. ఢిల్లీ వెళ్లడం ఇంట్లో కుదరకపోతే హైదరాబాద్‌లో రాజనీతిశాస్త్రంలో ఎంఏ చేస్తూ భాషను పక్కనే నేర్చుకోవచ్చు. ఇది రెండో రకం ఎంపికని నేను అనుకోను.

భాష తప్పనిసరా అంటే, ఎంఏకి కాదు, ఆ తరువాత ఎదగడానికి అవును. ఇంగ్లిష్‌లో దొరికేది అందరికీ దొరుకుతుంది. హైదరాబాద్‌లో ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), ఉస్మానియా, మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయాల్లో అరబిక్ బోధిస్తారు. పత్రికలు, ప్రభుత్వ ప్రకటనలు చదవగల స్థాయికి రావడానికి రెండు మూడేళ్ల నిలకడైన కృషి కావాలి. మీ నాన్నగారికి పని చోట అబ్బిన అరబిక్ మాట్లాడే భాష, పుస్తక భాష కాదు. అయినా ఉచ్చారణ ఆయన దగ్గర మొదలుపెట్టండి. ఇరాన్ వైపు ఆసక్తి ఉంటే ఫార్సీ నేర్చుకోండి, అందులో పోటీ తక్కువ.

ముస్లింను కానన్న సందేహం వదిలేయండి. భారత విదేశాంగ సేవలో చేరేవారికి కేటాయించే విదేశీ భాషల్లో అరబిక్ ఒకటి, అది మతాన్ని చూసి కేటాయించేది కాదు. మీ నుంచి ఆశించేది ఇస్లాం చరిత్రను శ్రద్ధగా చదవడం, వాట్సాప్‌లో తిరిగే అభిప్రాయాలను వ్యాసంలోకి రానివ్వకపోవడం. ఈ రంగంలోని పరీక్షకులు ద్వేషాన్నీ, అతి అభిమానాన్నీ మొదటి పేజీలోనే పసిగడతారు.

ఉద్యోగాలు ఉన్నాయి గాని, కొద్దిగానే ఉన్నాయి. ఢిల్లీలోని మనోహర్ పారికర్ రక్షణ అధ్యయన సంస్థ, సప్రూ హౌస్‌లోని ప్రపంచ వ్యవహారాల మండలి వంటి చోట్ల పరిశోధక పదవులు పరిమితం, చాలావరకు కాంట్రాక్టు పద్ధతివి. సివిల్స్ ద్వారా విదేశాంగ సేవ అత్యుత్తమమైనది, అంతే అనిశ్చితమైనది. అధ్యాపక వృత్తికి అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్‌లో అంతర్జాతీయ అధ్యయనాలు, రక్షణ అధ్యయనాలు విడి సబ్జెక్టులుగా ఉన్నాయి. విద్యార్థులకు సాధారణంగా తట్టనిది ప్రైవేటు రంగం: నౌకా బీమా, ఇంధన వ్యాపారం, ఉద్యోగుల ప్రయాణ భద్రతను హైదరాబాద్ నుంచే రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండే బహుళజాతి సంస్థల విభాగాలు. భాష తెలిసి, పటం చూసి నౌక ఏ దారిన వెళ్తే ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టగలవారు అక్కడ అవసరం.

మీ అమ్మగారి ఆందోళన న్యాయమైనది, ఆమెతో వాదించవద్దు. ఎంఏ రెండేళ్లు, ఆ తరువాత నెట్ కోసం ఒక ఏడాది అడగండి. నెట్‌లో జేఆర్ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) వస్తే ఇంటి మీద భారం లేకుండా పీహెచ్‌డీ సాగుతుంది. రాకపోతే అప్పుడు ఎడ్‌సెట్ రాసి బీఈడీలో చేరవచ్చు, మూడేళ్ల ఆలస్యం వల్ల ఆ దారి మూసుకుపోదు. ఈలోగా 2025లో ఖతర్‌పై జరిగిన రెండు దాడులనూ ఆ దేశానికి చెందిన అల్ జజీరా, సౌదీకి చెందిన అల్ అరేబియా, ఇరాన్ ప్రభుత్వానికి చెందిన ప్రెస్ టీవీ ఎలా చెప్పాయో ఇంగ్లిష్‌లో చదివి, ఎవరు దేన్ని చెప్పకుండా వదిలేశారో రెండు వేల పదాల్లో రాయండి. దాన్ని మీ రాజనీతిశాస్త్ర అధ్యాపకులకు చూపించి దిద్దించుకోండి. ప్రవేశాల ఇంటర్వ్యూల్లోనూ, ఇంటర్న్‌షిప్ దరఖాస్తుల్లోనూ మీ రచనకు నమూనాగా అది పనికివస్తుంది.